ఇరవై ఒక్క సెకన్లు

ఉదయం పది నలభైకి, ప్రమాదాల్లో దెబ్బతిన్న బళ్లు ఉంచే యార్డు గేటు దాటాను. నా చేతిలో నాలుగు గంటల ఇరవై నిమిషాలున్నాయి. మూడింటికి ఇన్సూరెన్సు సర్వేయరు రిపోర్టు కోర్టులో దాఖలవుతుంది. దాఖలైతే కార్ల మెకానిక్ మేస్త్రీ జైలుకి వెళతాడు. నలభై ఏళ్లు బళ్ల కింద వెల్లకిలా పడుకుని బతికిన మనిషి, ఒక ఆడమనిషి చావుకి కారకుడన్న పేరు మోసుకుని వెళతాడు.

కేసు పొడుగైనదేమీ కాదు. గురువారం సాయంత్రం నాలుగూ పదహారుకి, హైవే మధ్య లేన్‌లో పోతున్న ఒక టర్బో కారు ఇంజిన్ ఉన్నట్టుండి పట్టేసింది. వెనక నుంచి లారీ గుద్దింది. నడుపుతున్న కెమిస్ట్రీ లెక్చరర్ అక్కడికక్కడే చనిపోయింది. ఇంజిన్‌లో ఆయిల్ లేదు. అంతకు ఐదు రోజుల ముందు ఆ బండికి ఆయిల్ మార్చింది మేస్త్రీ. కింద డ్రెయిన్ బోల్టు వదులుగా దొరికింది. శుక్రవారం చీకటి పడకముందే ఆయన లాకప్‌లో ఉన్నాడు. అన్నీ అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. అంత చక్కగా సరిపోయే కేసంటే నాకు గిట్టదు.

ఎందుకు గిట్టదో కూడా చెప్పేస్తాను. డిటెక్టివ్‌నని బోర్డు పెట్టుకోకముందు ఇరవై రెండేళ్లు నేను ఇన్సూరెన్సు సర్వేయర్ని. అచ్చం ఇలాంటి రిపోర్టు ఒకటి నేనూ రాశాను. బోల్టు వదులుగా ఉంది, మెకానిక్ తప్పు, కింద సంతకం. తప్పు అతనిది కాదని తేలేసరికి అతను పద్నాలుగు నెలలు లోపల ఉన్నాడు. ఆ సంతకం తలుచుకుంటే ఈ రోజుకీ నాకు సిగ్గేస్తుంది.

మేస్త్రీ కూతురు గేటు లోపలే నిలబడి ఉంది. పాతికేళ్లు దాటి ఉంటాయి. రక్త పరీక్షలు చేసే ల్యాబులో పని. మూడు రాత్రులు కంటి మీద కునుకు లేదని మొహమే చెబుతోంది, కానీ జడ మాత్రం ఒక్క వెంట్రుక బయటికి రాకుండా అల్లుకుని ఉంది. చేతిలో ఒక బ్రౌన్ కవరు.

"నాన్న టూల్ బాక్సు కింది అరలో ఉంది మేడమ్. నిన్న చూడ్డానికి వెళితే చెప్పాడు. లెక్చరర్ గారు ఆయిల్ మార్పించుకున్న రోజు దాచమని ఇచ్చి వెళ్లారట. పోలీసులకి రెండుసార్లు చెప్పాడట, ఎవరూ చెవిన పెట్టలేదు."

"విప్పావా?"

"లేదు. మా ల్యాబులో సీలు లేని శాంపిల్ తాకం. ఇది మీరే విప్పాలి."

పిల్ల నాకు నచ్చింది. కవరు సంచిలో పెట్టుకుని ముందు బండి దగ్గరికి నడిచాను.

యార్డు కాపలాదారు ముసలాయన రిజిస్టరు చంకలో పెట్టుకుని మా వెంట వచ్చాడు. "చూసుకోండమ్మా, ఎంతసేపైనా చూసుకోండి. ఇక్కడికొచ్చిన బళ్లు ఎక్కడికీ పారిపోవు" అన్నాడు. బండి నాలుగు చెక్క దిమ్మల మీద ఉంది. వెనక సగం నలిగి ముందు సీట్ల దాకా వచ్చింది. నేను ఆ సీట్ల వైపు ఎక్కువసేపు చూడలేదు. ఒక్కటి మాత్రం చూశాను. స్టీరింగు పక్కనున్న ఇండికేటర్ పుల్ల కిందికి వంచి ఉంది. చనిపోయే ముందు ఆవిడ బండిని పక్కకి తీయబోయింది.

అట్టముక్క పరుచుకుని టార్చి పట్టుకుని కిందికి దూరాను. యాభై ఎనిమిదేళ్ల మోకాళ్లు తిట్టాయి. తిట్టుకోనీ అనుకున్నాను.

మొదట చూసింది బండి పొట్ట. గంటకి తొంభై కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి బోల్టు లోంచి ఆయిల్ కారితే గాలి దాన్ని వెనక్కి కొడుతుంది. పొట్టంతా, వెనక ఇరుసు దాకా, నల్లగా జిడ్డు పట్టాలి. చూపుడు వేలితో పొడుగ్గా గీశాను. దుమ్ము. పొడి దుమ్ము. పిండిలా రాలింది.

తరవాత బోల్టుకి సరిగ్గా కింద ఉన్న నేల చూశాను. ఇసుక మీద పళ్లెమంత మరక.

"ఈ ఇసుక ఎప్పటిది?" అని కింద నుంచే అరిచాను.

"గురువారానిదమ్మా" అన్నాడు ముసలాయన. "ఒక బండి కదలగానే పాత ఇసుక ఎత్తేసి కొత్తది పోస్తాం. లేకపోతే జిడ్డుకి జారి నడుములు విరగ్గొట్టుకుంటారు జనం. ఈ బండి గురువారం ఆరూ నలభైకి వచ్చింది. అంతకు పది నిమిషాల ముందే పోశాను."

దారి పొడుగునా ఒక్క చుక్క కార్చని బోల్టు, యార్డుకొచ్చి నిలబడ్డాక అడుగున మిగిలిన కాస్త ఆయిల్ కార్చింది.

ఇక బోల్టు. దాని తల మీద కొత్తగా పానా జారిన గీతలు తళతళలాడుతున్నాయి. ఆ గీతల కింద ఇంకేదో ఉంది. దుమ్ములో కలిసిపోయిన సన్నటి రంగు గీత, ముదురు వంకాయ రంగు. ఆయిల్ చాంబరు మీద అర అంగుళం, బోల్టు తల మీద అర అంగుళం. రెండు ముక్కలూ ఒకదానికొకటి ఎదురుగా లేవు. బోల్టు మీదది పావు వంతు చుట్టు పక్కకి తిరిగి ఉంది.

"అమ్మాయ్, ఇలా రా."

తను దుపట్టా నడుముకి చుట్టి నా పక్కకి పాకింది. టార్చి వెలుగులో ఆ గీత చూసింది.

"అది నాది" అంది.

"ఏది?"

"ఆ రంగు. నా నెయిల్ పాలిష్. కొన్నాక నచ్చలేదు, చేతులు కమిలినట్టు కనపడతాయని పారేయబోయాను. నాన్న తీసుకున్నాడు. బోల్టు బిగించాక దాని మీంచి చాంబరు మీదకి గీత గీస్తాడు మేడమ్. బోల్టు కదిలితే గీత విరుగుతుంది, మళ్లీ వచ్చినప్పుడు చూడగానే తెలిసిపోతుంది. ఈ పిచ్చి ఏంటి నాన్నా, షాపులో అందరూ నవ్వుతారు అనేదాన్ని." కళ్లు తుడుచుకుంది. "నవ్వితే నవ్వనీ, గీతకి అబద్ధం రాదు అనేవాడు."

"ఏడవడానికి తరవాత టైముంది. ముందు ఇసుక మీద చూడు. మరక పక్కన."

ల్యాబులో పనిచేసే కళ్లు. నాకంటే ముందు తనే చూసింది. ఆవగింజలో సగం ఉంటుంది, వంకాయ రంగు పెచ్చు. గీత విరిగినప్పుడు రాలి పడింది, రోడ్డు మీద కాదు, ఈ ఇసుక మీద. తన సంచి లోంచి చిన్న గాజు గొట్టం తీసి, పట్టకారుతో పెచ్చుని ఎత్తి, మూత బిగించి, పైన తేదీ, టైము రాసింది. పదకొండూ ఐదు.

బయటికొచ్చి రిజిస్టరు అడిగాను. గురువారం ఆరూ నలభై నుంచి శుక్రవారం ఉదయం పదింటి దాకా ఆ బండి దగ్గరికి వెళ్లింది ఇద్దరే. పదింటికి సర్వేయరు. అంతకు ముందు, ఎనిమిదీ ఇరవైకి, ఇంకో సంతకం. షోరూము సర్వీసు మేనేజరు. వచ్చిన పని: సర్వీసు పుస్తకం తీసుకోవడానికి. వెళ్లిన టైము ఎనిమిదీ ముప్పై ఐదు.

"పుస్తకం తీసుకోవడానికి పావుగంటా?" అన్నాను.

"నేను గేటు దగ్గరున్నానమ్మా" అన్నాడు ముసలాయన ఇబ్బందిగా. "టై కట్టుకున్నాయన కదా అని వెంట వెళ్లలేదు."

"ఏంటి మేడమ్, పాత వాసన వదల్లేదా ఇంకా?"

వెనక నుంచి వచ్చిన ఆ గొంతు నాకు బాగా తెలుసు. స్టాంపు. ఆఫీసులో అందరూ పెట్టిన పేరు అది. ఏ కాగితం ముందు పెట్టినా క్షణంలో ముద్ర వేసిచ్చేసేవాడు. నా దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు సీనియర్ సర్వేయరు, ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో తోలు సంచి. ఆ సంచిలో మేస్త్రీ బతుకు ఉంది.

"నువ్వు రావడం మంచిదైంది" అన్నాను. "ఆ రిపోర్టు వెనక్కి తీసుకో."

"తీసుకోను. బోల్టు వదులు, చాంబరు ఖాళీ. మూడింటికి కోర్టు. ఇంకేం కావాలి?"

పొడిగా ఉన్న పొట్ట చెప్పాను. ఇసుక మరక చెప్పాను. గీత చూపించాను. గాజు గొట్టం చూపించాను. అంతా విని నవ్వాడు.

"నెయిల్ పాలిష్ పట్టుకుని కోర్టుకెళతారా? జడ్జిగారు గోళ్లు చూపించమంటారేమో!"

పక్కనున్న పిల్ల మొహం ఎర్రబడింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ గొంతు పెంచలేదు. గొంతు పెంచితే వీడు గెలిచానని సంబరపడతాడు.

"సరే. బోల్టు లోంచి కారలేదంటున్నారు కదా, మరి నాలుగు లీటర్ల ఆయిల్ ఎటు పోయినట్టు? ఆవిరైపోయిందా?"

"దాదాపు అదే." తెల్లటి చేతిరుమాలు వేలికి చుట్టి బండి పొగ గొట్టంలో పెట్టి తిప్పాను. బయటికి తీస్తే రుమాలు తడిగా, కాటుకలా నల్లగా, బంకగా ఉంది. "పెట్రోలు కాలిన మసి పొడిగా ఉంటుంది. ఇది ఆయిల్. కొత్త టర్బో ఇంజిన్లు నాకంటే నీకే బాగా తెలియాలి. మైలేజీ కోసం పల్చటి ఆయిల్, సన్నటి రింగులు. రింగుల సందు లోంచి ఆయిల్ పైకి పాకి పెట్రోలుతో పాటు కాలిపోతుంది. టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లు పైనే తిరుగుతుంది, దాని ఇరుసు దగ్గరా కొంత జారుతుంది. నేల మీద చుక్క పడదు. పొగ కూడా పెద్దగా రాదు. మెల్లగా తాగేస్తుంది."

"తాగితే తాగుతుంది, లిమిట్లో తాగుతుంది. ఈ బండికి షోరూములో టెస్టు చేశారు. వెయ్యి కిలోమీటర్లకి మూడు వందల మిల్లీలీటర్లు. పాస్. కార్డు నకలు నా ఫైల్లో ఉంది. అంతెందుకు, నా బండీ ఇదే మోడలు. నాకూ అనుమానమొచ్చి పోయిన నెల టెస్టు చేయించాను. పాస్. హాయిగా తిరుగుతున్నాను. కాకమ్మ కబుర్లు చెప్పకండి మేడమ్."

"నీ ఫైలు నకలు మేస్త్రీ లాయరు దగ్గర చూశాను. రిపోర్టులో ఇంకో వాక్యముంది. 'ఆయిల్ లేదని చెప్పే ఎర్ర దీపం వెలిగినా డ్రైవరు బండి ఆపలేదు' అని."

"నిజమేగా?"

"బండి కంప్యూటరు కాగితం నీ ఫైల్లోనే ఉంది, చదివావా? దీపం వెలిగింది నాలుగూ పదహారూ ఎనిమిది సెకన్లకి. ఇంజిన్ పట్టేసింది ఇరవై తొమ్మిది సెకన్లకి. మధ్యలో ఇరవై ఒక్క సెకన్లు. ఆవిడ ఇండికేటర్ వేసింది, వెళ్లి చూసుకో. మధ్య లేన్, వెనక లారీ. ఇరవై ఒక్క సెకన్లలో నువ్వైతే ఏం చేసేవాడివి?"

"ఏం చేయాలో నాకు తెలుసు" అన్నాడు స్టాంపు.

అతని ఫోను మోగింది. పక్కకి తిరిగి మాట్లాడాడు. ఆ మాటల్లో మాత్రం స్టాంపు లేడు, మామూలు మొగుడున్నాడు. "బయల్దేరారా? పాప బెల్టు పెట్టుకుందా? ... మీ అక్క వాళ్లింటికి చేరగానే చేయి. దారిలో మాట్లాడకు."

అతను ఫోను జేబులో పెట్టుకునేలోపు నేను బ్రౌన్ కవరు విప్పాను.

లోపల గుండ్రటి ఫిల్టరు కాగితాలు, ముప్పై పైనే. ప్రతి దాని మధ్యలో ఒక్క ఆయిల్ చుక్క, చుట్టూ పాకిన వలయాలు. పక్కన ముత్యాల్లాంటి అక్షరాలతో తేదీ, కిలోమీటర్లు, ఎంత తగ్గింది, ఎంత పోసింది. ప్రతి ఆదివారం ఒకటి. లెక్చరర్ తన బండికి రక్త పరీక్ష చేసుకుంటూ వచ్చింది. ఆ లెక్క ప్రకారం బండి వెయ్యి కిలోమీటర్లకి లీటరుకి కాస్త తక్కువగా తాగుతోంది. మధ్యలో టెస్టు జరిగిన నెల ఒక్క కాగితమూ లేదు. ఆ నెలంతా ఆయిల్ మూతకీ, కొలపుల్లకీ షోరూము వాళ్లు సీలు వేస్తారు, మధ్యలో ఎవరూ ముట్టుకోకూడదు.

అడుగున చిన్న ప్లాస్టిక్ సీలు, కత్తిరించినది. దానికి చుట్టిన కాగితం మీద రెండే ముక్కలు. "రెండో తేదీ మూతకి వేసిన సీలు 447. ముప్పయ్యో తేదీ నా ముందు కత్తిరించిన సీలు ఇది."

సీలు మీద అంకె 481.

మేస్త్రీ కూతుర్ని లాయరు దగ్గరికి పంపించాను. గాజు గొట్టం, రిజిస్టరు పేజీ ఫొటో తనతోనే పంపాను. స్టాంపు మాత్రం నా వెంట షోరూముకి వచ్చాడు. "మీ నాటకం ఆఖరి అంకం చూసే పోతాను" అన్నాడు. కానీ దారంతా కిటికీ లోంచి బయటికే చూశాడు. వీడిలో నేను నేర్పిన సర్వేయరు ఎక్కడో ఇంకా బతికే ఉన్నాడేమో అనిపించింది.

సర్వీసు మేనేజరు గది మూడు వైపులా అద్దాలు. నలభై ఏళ్ల మనిషి, నీట్‌గా గీసిన గడ్డం, మాటకి ముందే చిరునవ్వు. టైము పన్నెండూ ఇరవై.

"శుక్రవారం పొద్దున యార్డుకి వెళ్లారు" అన్నాను కూర్చుంటూనే.

"అవును మేడమ్. సర్వీసు పుస్తకం కోసం. ఆవిడ పోయారని తెలిసి చాలా బాధ..."

"పుస్తకం ఏది?"

చిరునవ్వు కొంచెం జారింది. "దొరకలేదు."

"పదిహేను నిమిషాలు వెతికినా?"

"బండి అలా నలిగిపోయి ఉంటే..."

"సరే, పుస్తకం సంగతి వదిలేద్దాం. ఆవిడ టెస్టు కార్డు చూపించండి."

ఇది ఆయనకి ఇష్టమైన సంగతి. వెంటనే తీసి పెట్టాడు. మొదలు రెండో తేదీ, మూత సీలు 447. ముగింపు ముప్పయ్యో తేదీ, మూత సీలు 447, చెక్కుచెదరలేదు. తగ్గుదల మూడు వందలు. పాస్. మేనేజరు సంతకం.

"కత్తిరించిన సీలు ఏది? కార్డుకి గుచ్చాలి కదా?"

"ఆవిడే అడిగి తీసుకున్నారు మేడమ్. గుర్తుగా ఉంచుకుంటానన్నారు. చదువు చెప్పేవాళ్లు కదా, అన్నీ దాచుకుంటారు." నవ్వాడు. "ఇచ్చేశాను."

సీలు బల్ల మీద పెట్టాను. అంకె ఆయన వైపు తిప్పాను.

నవ్వు ఆగిపోయింది. ఒక్క క్షణమే. "కార్డు రాసేటప్పుడు పొరపాటు పడి ఉంటాను. మొదట్లోనే 481 వేసి..."

"సీళ్లు వరసలోనే వాడతారు కదా?"

"అవును, వరసలోనే."

"అయితే 480, 482 ఏ రోజు వాడారో చూద్దాం."

మేనేజరు కదల్లేదు. స్టాంపే లేచి అలమర లోంచి సీళ్ల పుస్తకం తీశాడు. వేలు పెట్టి కిందికి దిగాడు. 447, రెండో తేదీ. 480, పద్నాలుగో తేదీ ఉదయం పది. 482, పద్నాలుగో తేదీ ఉదయం పదకొండున్నర. వాటి మధ్య 481 గడి ఖాళీ.

"పద్నాలుగో తేదీ పదింటికీ పదకొండున్నరకీ మధ్య లెక్చరర్ గారి బండి ఎక్కడుంది?" అన్నాను.

మేనేజరు కార్డు తన వైపు లాక్కున్నాడు. "నాకెలా..."

"గేటు పుస్తకం నేను చదవనా?" అన్నాడు స్టాంపు. గొంతు మారింది. పేజీ తిప్పాడు. "లోపలికి పదీ ఐదు. బయటికి పదకొండూ పదిహేను. పని: ఉచిత వాషింగు."

"టెస్టు మధ్యలో వాషింగుకి మీరే పిలిచారు" అన్నాను. "బండి కడిగే చోట సీలు తెంపి, తగ్గిన ఆయిల్ పోసి, కొత్త సీలు వేశారు. కార్డు నింపేటప్పుడు అలవాటు కొద్దీ మొదటి అంకే కిందా రాసేశారు. ఆవిడ సీలు అడిగితే అంకె చూడకుండా చేతిలో పెట్టారు. ఎన్ని మిల్లీలీటర్లు పోశారు?"

అద్దం అవతల ఎవరో బండికి హారన్ పరీక్షిస్తున్నారు. మేనేజరు టై వదులు చేసుకున్నాడు.

"ఆరు వందలు" అన్నాడు. "ఆరు వందలే పోశానండీ. ఫెయిలైతే ఇంజిన్ మొత్తం ఉచితంగా మార్చాలి. ఒక్క టెస్టూ ఫెయిల్ కాకూడదని పైనుంచి చెప్పారు. ఆవిడ ఆయిల్ చూసుకుంటూనే ఉంటుంది కదా అనుకున్నాను. ప్రతి ఆదివారం చూసుకునే మనిషి..."

"పాసైందని మీరు రాసిచ్చిన కాగితం నమ్మింది. అంకె తేడా చూసి అనుమానపడి మేస్త్రీ దగ్గరికీ వెళ్లింది. అయినా సగం నమ్మింది. కొత్త ఆయిల్ పోయించాను కదా అని ఆ ఆదివారం చూసుకోలేదు, ఇంకో ఆదివారం దాకా ఆగొచ్చనుకుని ఐదు రోజులు ఎక్కడెక్కడో తిరిగింది. ఎత్తెక్కే రోడ్లు, ఎండ, ఆగకుండా హైవే. అలాంటప్పుడు ఈ ఇంజిన్లు రెండింతలు, మూడింతలు తాగుతాయి. అది మీకు తెలుసు. ఆవిడకి తెలియదు."

"నేను చంపలేదు" అన్నాడు మేనేజరు.

"బోల్టు వదులు చేశారా లేదా?"

తల దించుకున్నాడు. "పావు చుట్టు."

"ఆ పావు చుట్టుతో ఒక ముసలి మేస్త్రీని జైలుకి పంపబోయారు." ఇంకా చాలా అనాలనిపించింది. అనలేదు. ఇలాంటి బల్లకి అటువైపు ఒకప్పుడు నేనూ కూర్చున్నాను. "ఇలాంటి టెస్టులు ఎన్ని చేశారు?"

ఆయన సొరుగు తాళం తీశాడు. ఒక కాగితం. చేత్తో రాసిన లిస్టు. బండి నంబర్లు, పోసిన ఆయిల్, మార్చిన సీలు. ఎందుకు దాచుకున్నాడో అప్పుడు నాకు అర్థం కాలేదు. పైవాళ్లు తనని ఒంటరిగా ఇరికిస్తే చూపించడానికి కాబోలు.

"పదిహేడు" అన్నాడు.

స్టాంపు నా చేతి లోంచి కాగితం తీసుకున్నాడు. చదవడం మొదలుపెట్టిన మనిషి సగంలో ఆగిపోయాడు. నేను లేచి అతని భుజం మీంచి చూశాను. పదకొండో వరస. పోసిన ఆయిల్ ఏడు వందల యాభై.

"ఇది నా బండి" అన్నాడు. "పొద్దున మా వాళ్లు దీంట్లోనే బయల్దేరారు."

ఫోను తీశాడు. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాడు. మూడోసారి మోగింది. మోగుతూనే ఉంది. అతను ఎడమ చేత్తో తోలు సంచి తెరిచి, ఫైలు తీసి నా ఒళ్లో పడేశాడు. అందులో మేస్త్రీ మీద రాసిన రిపోర్టు ఉంది.

"తీసుకోండి. చించేయండి. ఏం కావాలంటే అది రాసిస్తాను. ఫోను ఎత్తవే, ఎత్తు..."

టైము ఒంటిగంటా రెండు. వాళ్లు బయల్దేరి గంటన్నర దాటింది. నేను మూడు రోజులుగా వెనక్కి తీయించాలని తిరుగుతున్న కాగితం నా ఒళ్లో ఉంది. దాని వంక చూడాలనిపించలేదు.

అవతల ఫోను ఎత్తారు. చిన్నపిల్ల గొంతు. పక్కనే గాలి హోరు.

"నాన్నా! అమ్మ నడుపుతోంది, నువ్వేగా మాట్లాడొద్దన్నావ్. అందుకని నేనెత్తా."

"బంగారూ, స్పీకర్లో పెట్టు. అమ్మని పక్కకి... అమ్మకి చెప్పు..."

"నాన్నా, ఇక్కడ ఎర్రగా ఒక బొమ్మ వెలిగింది. కెటిల్ లాగా ఉంది, మూతి లోంచి చుక్క పడుతున్నట్టు. ఇందాక లేదు."

"ఎప్పుడు? ఎప్పుడు వెలిగింది?"

"ఇప్పుడే."

ఏం చేయాలో తెలుసన్న మనిషి నోరు తెరిచాడు. మాట రాలేదు. నేను ఫోను లాక్కున్నాను.

"అమ్మా, నేను మీ ఆయన ఆఫీసులో పనిచేసినదాన్ని. భయపడకు. బ్రేకు తొక్కకు. యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యి. ఇండికేటర్ వెయ్యి. పక్కకి రా."

"రాలేనండీ" అంది ఆవిడ. "మధ్య లేన్‌లో ఉన్నాను. పక్కనంతా బళ్లే. వెనకాల లారీ ఉంది."

నా చేతి గడియారంలో సెకన్ల ముల్లు అప్పటికే తొమ్మిది గీతలు దాటింది.